బల్ల చుట్టూ పేచీలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే సంగతి మీద ఉన్నాయి. రోల్‌ప్లేయింగ్ గేమ్ బాగుంది, కథ బాగుంది, గ్రూపులో ఒక్క మనిషితోనే వేగలేకపోతున్నాం అని. కొత్త పాఠకుల కోసం రెండు ముక్కలు చెప్పి జవాబుల్లోకి వెళ్తాం. ఈ ఆటలో ఒకరు గేమ్ మాస్టర్. కథ జరిగే లోకాన్ని, అందులోని ఊళ్లను, శత్రువులను నడిపేది వారే. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని ‘నేనిది చేస్తా’ అని నోటితో చెబుతారు. అవుతుందో కాదో తేలనిచోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పడిన అంకెకు పాత్రకున్న బోనస్ కలిపితే, ఆ పనికి పెట్టిన ‘కష్టం’ అంకెను అందుకోవాలి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ తరహా ఆట అచ్చులోకి వచ్చింది. ఉత్తరాలు రాసినవాళ్లు ఆడుతున్నది దాని 5వ ఎడిషన్. కింది లెక్కలూ దాని ప్రకారమే.

ప్రశ్న: నేను గేమ్ మాస్టర్‌ని, ఆటగాళ్లు ఐదుగురు. మన వరంగల్ కోటలాంటి ఊహానగరంలో కథ పెట్టాను. బయట మట్టికోట, లోపల రాతికోట, నడుమ కందకం. మాలో ఒకాయన కాలేజీలో మా అందరికీ సీనియర్. ఏ ద్వారం దగ్గరికి పోయినా ఆయనే మాట్లాడతాడు. పక్కవాళ్ల టర్న్‌లో కూడా ‘అది గాదు, ఇది చెయ్’ అంటాడు. అన్న కదా అని ఎవరూ నోరు మెదపరు. ఇద్దరు మానేసేలా ఉన్నారు. — హనుమకొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందు సమయం లెక్క చూడండి. మీ సెషన్ 3 గంటలనుకుంటే 180 నిమిషాలు. కూర్చోవడం, చాయ్ తాగడం 20 పోతాయి. మీ వర్ణన, శత్రువుల టర్న్‌లు ఎంత తగ్గించినా 60. మిగిలిన 100 నిమిషాలను ఐదుగురికి పంచితే తలా 20 వస్తాయి. అన్న ఒక్కడే 50 వాడేస్తే మిగతా నలుగురికి తలా పన్నెండు, పదమూడు నిమిషాలే. అందుకోసం మధ్యాహ్నమంతా కూర్చోవడం ఎవరికైనా కష్టమే. వచ్చే సెషన్‌లో ఎవరు ఎంతసేపు మాట్లాడారో ఒక కాగితం మీద గీతలు పెట్టుకోండి. అది ఆయనకు చూపించడానికి కాదు, మీ అంచనా నిజమో కాదో మీకు తెలియడానికి.

ఆ గీతలు చూస్తే ఇంకో సంగతి బయటపడొచ్చు. ‘ఇప్పుడు మీరంతా ఏం చేస్తారు?’ అని మీరు అందరినీ కలిపి అడుగుతున్నారేమో. అలా అడిగితే నోరు వేగంగా ఉన్నవాడిదే జవాబు. పాత్ర పేరు పెట్టి అడగండి, ప్రశ్నలోనే ఆ పాత్రకు పని చూపండి. ‘కాపలావాడు నిన్నే చూస్తున్నాడు, నీ చేతిలో మూట ఏంటని అడుగుతున్నాడు’ అంటే పక్కవాళ్లు జవాబు చెప్పే సందు ఉండదు. పోరాటం లేనప్పుడు కూడా కూర్చున్న వరసలో ఒక చుట్టు తిప్పండి. అందరికీ ఒకసారి అయ్యేదాకా రెండోసారి ఎవరికీ లేదు.

సమాచారాన్ని కూడా పంచండి. కందకం ఎక్కడ లోతు తక్కువో ఆ కోటలో పుట్టి పెరిగిన పాత్రకే తెలియాలి. ఆ ముక్క చీటీ మీద రాసి ఆ ఆటగాడి చేతికే ఇవ్వండి. చీటీ చేతిలో ఉన్నవాడు మాట్లాడక తప్పదు, మిగతావాళ్లు వినక తప్పదు.

పాచిక దగ్గర ఇంకో చిక్కు. ఒకరు తాళం చూస్తానంటే అందరూ ‘నేనూ వేస్తా’ అంటారు. కష్టం 15, ఆ పనిలో బోనస్ 5 ఉంటే ఒక్కరికి గెలుపు అవకాశం 55 శాతం. ఐదుగురూ అంతే బోనస్‌తో వేస్తే అందరూ ఓడిపోయే అవకాశం 2 శాతం లోపే. తాళానికి ఇక విలువ లేదు, ఆ పాత్ర నేర్చుకున్న విద్యకూ విలువ లేదు. ఒకరు ప్రయత్నించాలి, కావాలంటే ఇంకొకరు సాయం చేయాలి. సాయం ఉంటే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకుంటారు, 55 కాస్తా 80 దగ్గరికి పోతుంది. కందకం చప్పుడు లేకుండా దాటడంలాంటి, అందరూ చేయాల్సిన పనికి అందరూ వేస్తారు. కనీసం సగం మంది గెలిస్తే గుంపంతా దాటినట్టే. రూల్స్‌లో ఉన్న పద్ధతులే ఇవి. వీటిని గట్టిగా పట్టుకుంటే పెత్తనం దానంతటదే సగం తగ్గుతుంది.

మిగిలిన సగానికి మాట్లాడాల్సిందే. సెషన్‌కు ముందు ఆయన్ను ఒక్కడినే కలవండి. నలుగురిలో వద్దు, వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. ‘అందరూ అంటున్నరన్నా’ అని మొదలుపెట్టకండి. ఆ మాట వినగానే ఎవరన్నారో తేల్చుకోవడం మీదికి ఆయన మనసు పోతుంది, మానేద్దామనుకుంటున్న ఆ ఇద్దరూ ఇరుక్కుంటారు. మీ ఇబ్బందిగానే చెప్పండి: ‘అన్నా, రూల్స్ నీకు తెలిసినంత మాకెవ్వరికీ తెల్వదు. గని నువ్వు ముందుగాల చెప్తే మిగతోళ్లు ఆలోచిస్తలేరు, నాకు నడుపుడు కష్టమైతుంది. వాళ్లు అడిగితెనే చెప్పు, లేకుంటె వాళ్ల టర్న్ వాళ్లకిడువు.’ ఒకే కోరిక, అదీ ఆయన చేయగలిగింది. ‘కొంచెం తగ్గన్నా’ అంటే ఏం తగ్గాలో ఆయనకు తెలియదు.

దాంతోపాటు ఒక పని అప్పగించండి. మ్యాప్ గీయడమో, పోరాటంలో వరస రాయడమో. తెలిసినవాడికి గౌరవం దక్కుతుంది, చేతులకు పని ఉంటుంది. రూల్స్ మీద తీర్పు చెప్పే అధికారం మాత్రం ఇవ్వకండి.

ఆయన పాత్ర మీదికి పెద్ద రాక్షసుడిని తోలాలని, పాత్రను చంపేయాలని చాలామంది గేమ్ మాస్టర్లకు బుద్ధి పుడుతుంది. అది పనిచేయదు. ఆయన దాన్ని మందలింపు అనుకోడు, సవాలు అనుకుంటాడు. రాక్షసుడితో పోరాడుతున్నంతసేపూ బల్ల మీద ఆయనే ఉంటాడు. మనిషితో ఉన్న ఇబ్బందిని మనిషితోనే తేల్చుకోవాలి. కింది జవాబుల్లోనూ మేం తిరిగి తిరిగి చెప్పేది ఇదే.

ప్రశ్న: మా గ్రూపులో ఒకడిది దొంగ పాత్ర. మేం పడుకున్నప్పుడు మా సంచుల్లోంచే బంగారు నాణేలు తీస్తాడు. అడిగితే ‘దొంగ అన్నంక దొంగతనమే చేస్తడు, నా క్యారెక్టర్ గంతే’ అంటాడు. గేమ్ మాస్టర్ పాచిక వేయిస్తున్నారు, అతనే గెలుస్తున్నాడు. పాచిక ఒప్పుకుంటే మేమూ ఒప్పుకోవాలా? — కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అక్కర్లేదు. పని అవుతుందా కాదా అన్నది పాచిక చెబుతుంది. ఆ పని ఈ బల్ల మీద ఉండొచ్చా అన్నది మనుషులే ఒప్పుకోవాలి. పైగా మీరు చూస్తున్నది సమఉజ్జీల పోటీ కూడా కాదు. మొదటి లెవెల్ దొంగకు, అంటే ఆట అప్పుడే మొదలుపెట్టిన పాత్రకు, చురుకుదనం 16 ఉండి, చేతివాటంలో ప్రత్యేక నైపుణ్యం తీసుకుంటే బోనస్ 7. మామూలు పాత్ర పాచిక వేయకుండా కనిపెట్టే హద్దు 10, 11 దగ్గర ఉంటుంది. హద్దు 11 అయితే అతనికి పాచిక మీద 4 పడితే చాలు, అంటే 85 శాతం గెలుపు. మీరు మెలకువగా ఉన్నప్పటి లెక్క అది. నిద్రలో ఉంటే చెప్పేదేముంది.

అనుభవమున్న గ్రూపులు చాలావరకు పెట్టుకునే కట్టుబాటు ఒకటుంది. సాటి పాత్ర మీద ఎవరైనా ఏదైనా చేస్తే, దాని ఫలితం చెప్పేది ఆ సాటి ఆటగాడే. ‘ఆమె సంచిలో చెయ్యి పెడతా’ అని అతనంటే గేమ్ మాస్టర్ పాచిక అందుకోకూడదు. మీ వైపు తిరిగి, ‘ఇది నీకు సమ్మతమేనా? ఏం జరిగింది?’ అని అడగాలి. ‘చెయ్యి పట్టుకున్నా’ అని మీరంటే పట్టుకున్నట్టే. ‘తీయనీ, పొద్దున చూద్దాం’ అన్నా సరే, ఒక్కోసారి కథ బాగా కుదురుతుంది. ‘వద్దు’ అంటే ఆ పని జరగలేదు, కథ ముందుకు పోతుంది. మంత్రం వేసి సాటివాడిని లొంగదీయడం, రహస్యంగా శత్రువుకు అమ్మేయడం, కొట్టడం, అన్నీ దీని కిందికే వస్తాయి.

‘నా క్యారెక్టర్ అంతే’ అన్న మాటకు ఎదురువాదం పెట్టుకోకండి. ఆ క్యారెక్టర్‌ని రాసింది అతనే, కాబట్టి ఇంకో రెండు వాక్యాలు కూడా రాయమనండి. ఈ దొంగ వీళ్లతోనే ఎందుకు తిరుగుతున్నాడు? వీళ్లలో ఎవరి సొమ్ము ఎన్నటికీ ముట్టడు, ఎందుకు? దీనికి జవాబు రాయలేకపోతే ఆ పాత్ర ఈ కథకు సరిపోదు, వేరే పాత్ర చేసుకోవాలి. జవాబు రాసుకున్న రోజు నుంచి అది ఇంకా మంచి పాత్ర అవుతుంది.

గేమ్ మాస్టర్‌కు ఒక మాట. దొంగ పాత్ర తీసుకున్నవాడికి తాళాలు, కావలి ఉన్న గోదాములు, మోసగాడైన వ్యాపారి గల్లాపెట్టె చూపించాలి. మీ కథలో అతను దోచదగ్గది ఏదీ లేకపోతే పక్కన పడుకున్నవాళ్ల సంచే కనిపిస్తుంది. ప్రతి సెషన్‌లో ఒకటైనా పెట్టండి. ఇప్పటిదాకా పోయిన నాణేల గురించి బల్ల బయట మాట్లాడి, తిరిగి ఇచ్చినట్టో అసలు పోనట్టో తేల్చేయండి. మీ పాత్రతో అతని పాత్రను కట్టేసి కొట్టిస్తే అది ఇద్దరి మధ్య పగగా మారుతుంది.

ఒకరినొకరు మోసం చేసుకోవడమే సరదా అయిన ఆటలు కూడా ఉన్నాయి, అవి తప్పేం కాదు. కాకపోతే అందరూ ముందే ఎంచుకుని కూర్చోవాలి. దాని కోసమే సెషన్ జీరో. పాత్రలు చేసుకునే రోజే గంటసేపు కూర్చుని మనలో మనకు దొంగతనం, కొట్లాట ఉంటాయా, కథ నవ్వులాటా భయమా, ఎవరికి ఏ విషయం వద్దు, ఎన్ని గంటలు, ఎవరింట్లో అన్నవి తేల్చి ఒక కాగితం మీద రాసుకోండి. ఏడాదిగా ఆడుతున్న గ్రూపైనా మధ్యలో ఒక ఆదివారం దీనికి ఇవ్వొచ్చు.

ప్రశ్న: మా వాడికి ఎప్పుడూ 20 పడుతోంది. దొంగాట అనుకుంటున్నాం. ఎట్లా పట్టుకోవాలి? — జగిత్యాల నుంచి

జవాబు: ఒక్క రాత్రి చూసి అనకండి. 25 సార్లు వేస్తే నాలుగు లేదా అంతకంటే ఎక్కువసార్లు 20 పడే అవకాశం 3 శాతం పైనే. ఐదారుగురు ఆడే బల్ల మీద ఏడాదిలో ఎవరికో ఒకరికి అలాంటి రోజు వస్తుంది. వారం వారం అతనికే పడితే వేరే సంగతి.

పట్టుకోవడం కంటే వీలు లేకుండా చేయడం మేలు. రేపటి నుంచి అందరికీ ఒకటే పద్ధతి పెట్టండి. బల్ల మధ్యలో అంచులున్న పళ్లెం, అందులో పడిందే లెక్క. గేమ్ మాస్టర్ అడగక ముందు వేసింది చెల్లదు. పక్కవాళ్లు అంకె చదివేదాకా పాచిక తీయకూడదు. అతని ఒక్కడికే పెడితే అవమానం, అందరికీ పెడితే ఆటలో ఒక పద్ధతి.

పాచికే అనుమానమైతే 100 మిల్లీలీటర్ల నీళ్లలో 35 గ్రాముల ఉప్పు బాగా కరిగించి అందులో వేయండి. తేలితే వేలితో పదిసార్లు తిప్పి వదలండి. ప్రతిసారీ ఒకే ముఖం పైకి వస్తుంటే లోపల గాలిబుడగ ఉండి బరువు ఒక పక్కకు ఒరిగినట్టు. కొన్ని పాచికలు బరువెక్కువై ఉప్పునీళ్లలోనూ మునుగుతాయి, వాటికి ఈ పరీక్ష కుదరదు.

ప్రశ్న: రాజును ఒప్పించడానికి పాచిక వేస్తే 20 పడింది. ‘20 పడ్డది, రాజ్యం రాసియ్యాలె’ అని ఒకడు, అలాంటి రూలే లేదని ఇంకొకడు. అరగంట పోయింది. — వరంగల్ నుంచి ఒక గేమ్ మాస్టర్

జవాబు: రెండో అతను చెప్పిందే రూల్. 20 పడితే తప్పనిసరి గెలుపు అన్నది ఆయుధంతోనో మంత్రంతోనో దాడి చేసినప్పుడు. ప్రాణం పోయే స్థితిలో వేసే పాచికకూ 20కి ప్రత్యేక ఫలితం ఉంది, ఒక హిట్ పాయింట్‌తో, అంటే పాత్ర ప్రాణబలాన్ని లెక్కపెట్టే అంకెల్లో ఒకటితో, లేచి కూర్చుంటాడు. మాటలతో ఒప్పించడంలో 20 అంటే అంకె మాత్రమే, బోనస్ కలిపి కష్టంతో పోల్చడమే. ఎంత పడ్డా రాజు రాజ్యం ఇవ్వడనుకుంటే అసలు పాచికే వేయించొద్దు. లేదా వేసే ముందే చెప్పండి: ‘బాగా పడితే నవ్వి వదిలేస్తాడు, పడకపోతే చెరసాల.’ చాలా వాదనలు ఈ ఒక్క వాక్యం ముందు చెప్పకపోవడం వల్లే పుడతాయి.

వాదన మొదలయ్యాక రెండు నిమిషాలు ఇవ్వండి. ఇద్దరినీ ఒక్కోసారి చెప్పనివ్వండి, మీ నిర్ణయం చెప్పి కాగితం మీద రాసి ముందుకు పోండి. పుస్తకం తీయడం సెషన్ అయ్యాకే. మీ నిర్ణయం తప్పని తేలితే వచ్చే వారం మొదట్లో అందరి ముందు చెప్పండి, అప్పటి నుంచి సరైనదే నడుస్తుంది. ఒక్క మినహాయింపు: ఆ రూల్ మీద ఒక పాత్ర ప్రాణం ఆధారపడి ఉంటే అప్పుడే ఆగి చూడండి.

ప్రశ్న: గ్రూపులో నేనొక్కదాన్నే అమ్మాయిని. ఒకతని పాత్ర ప్రతిసారీ నా పాత్రను ముట్టుకున్నట్టు, ఏవో అన్నట్టు చెబుతాడు. ఇబ్బందిగా ఉందంటే ‘ఆటనే గదా’ అంటాడు. గేమ్ మాస్టర్ నాకు అన్న వరస, నవ్వి ఊరుకుంటాడు. నేనే ఎక్కువ చేస్తున్నానా? — కాజీపేట నుంచి

జవాబు: లేదమ్మా. అతను ఆ మాటలు అంటున్నది నీ ముఖం చూసి, నీకు వినబడేలా. పాత్ర పేరు అడ్డం పెట్టినంత మాత్రాన అవి నీకు తగలకుండా పోవు.

ఇది ఆపాల్సింది గేమ్ మాస్టర్. అందుకని ఆయనకే చెబుతున్నాం. ఆ మాట రాగానే, సెషన్ అయ్యేదాకా ఆగకుండా, గొంతు పెంచకుండా ‘ఆగు. అది జరగలే. మన బల్ల మీద ఇసొంటిది లేదు’ అనండి, వెంటనే వేరే పాత్రకు టర్న్ ఇవ్వండి. నవ్వొద్దు. మీ నవ్వే అతనికి అనుమతి. ఆ రోజే అతన్ని పక్కకు పిలిచి, మళ్లీ జరిగితే గ్రూపులో ఉండవని చెప్పండి. మళ్లీ జరిగితే ‘వచ్చే వారం సంది నువ్వు లేకుండనే ఆడుతం’ అని చెప్పేయండి. కారణాల మీద చర్చ పెట్టుకోవద్దు. అతనికి చెప్పకుండా గ్రూపు రద్దయిందని నటించి, చాటుగా కొత్త గ్రూపు కట్టేవాళ్లున్నారు. నాలుగు రోజుల్లో తెలిసిపోతుంది, అప్పుడు అందరూ ఆమెనే వేలెత్తి చూపుతారు.

జాన్ స్టావ్రోపోలోస్ రూపొందించిన ఎక్స్-కార్డ్ చాలా గ్రూపుల్లో ఉంటుంది. ఎక్స్ గుర్తున్న కార్డు బల్ల మధ్యలో పెడతారు. ఎవరైనా దాన్ని తాకితే, కారణం అడగకుండా, నడుస్తున్న సంగతిని కథలోంచి తీసేస్తారు. తెలియక జరిగే వాటికి అది మంచి సాధనం. పాముల వర్ణన, చిన్నపిల్లల చావు, ఈమధ్యే ఇంట్లో జరిగిన కష్టాన్ని గుర్తుచేసే సన్నివేశం. తెలిసీ చేసేవాడికి మాత్రం కార్డు మందు కాదు. ప్రతిసారీ చెయ్యి చాపాల్సిన భారం ఇబ్బందిపడేవాళ్ల మీదే పడుతుంది.

అన్న వరస అయినా సరే, గేమ్ మాస్టర్‌కు ఒక్కసారి సూటిగా చెప్పు: ‘అన్నా, ఆయన ఉంటే నేను రాను.’ అప్పటికీ నవ్వితే ఆ గ్రూపు వదిలెయ్. ఆట ఇంకోచోట దొరుకుతుంది. అతను ఫోన్‌లో మెసేజ్‌లు మొదలుపెడితే ఒక్కటీ తుడిచేయొద్దు, ఇంట్లో నమ్మినవాళ్లకు చెప్పు. తెలంగాణ పోలీసుల షీ టీమ్స్ ఉన్నది అలాంటి ఫిర్యాదుల కోసమే.

ప్రశ్న: ఐదుగురిలో ముగ్గురం షిఫ్టుల్లో పనిచేస్తాం. ఎప్పుడూ ఎవరో ఒకరు రారు. రానివాళ్ల మీద వచ్చినవాళ్లు కోపం. — గోదావరిఖని నుంచి

జవాబు: మీలో కష్టమైన ఆటగాడు ఎవరూ లేరు, కథ కట్టిన తీరే మీ షిఫ్టులకు కుదరడం లేదు. ప్రతి సెషన్ ఒకే ఊళ్లో మొదలై, రాత్రికి ఆ ఊరికే తిరిగొచ్చేలా మార్చండి. ఒక పాడుబడ్డ గుడి, ఒక వాగు అవతలి గుహ, ఒక తప్పిపోయిన బండి. మూడు గంటల్లో ముగిసేంత పని. అప్పుడు ఎవరొస్తే వాళ్లు బయల్దేరుతారు, రానివాళ్ల పాత్ర ఊళ్లోనే ఉంటుంది. సెషన్ సగం గుహలో ఆగితేనే రానివాడి పాత్ర ఏమైందన్న తలనొప్పి.

గేమ్ మాస్టర్ కాక ఇద్దరు వస్తే ఆడేద్దామని ముందే అనుకోండి. శత్రువుల సంఖ్యను వచ్చినవాళ్లను బట్టి తగ్గించండి. లెవెల్ అందరికీ కలిపే పెంచండి, వచ్చినవాళ్లకే పెంచితే నైట్ షిఫ్టు పడ్డవాడికి శిక్ష వేసినట్టే. రానివాళ్ల పాత్రను ఇంకొకరు ఆడొద్దు, దాని వస్తువులు వాడొద్దు. నెల మొదట్లోనే షిఫ్టుల కాగితాలు పక్కన పెట్టుకుని తేదీలు వేయండి. బతుకమ్మ రోజులు, దసరా, మేడారం జాతర వారం ముందే కొట్టేయండి. ఆ రోజుల్లో ఎవరూ రారు, రాకపోవడమే న్యాయం.

షిఫ్టు లేకున్నా, ఫోన్ చేయకుండా మానేసేవాడు ఒకడుంటే అది వేరే. వరుసగా మూడుసార్లయితే అడగండి: ‘తమ్మీ, ఆడాలనుందా, మొహమాటానికి ఉన్నవా?’ మొహమాటమే అయితే సంతోషంగా వదిలేయండి.

ప్రశ్న: మా చెల్లె మూడు గంటలూ మాట్లాడకుండా కూర్చుంటుంది. అయినా ప్రతి వారం వస్తుంది. మాట్లాడించడం ఎలా? — నిర్మల్ నుంచి

జవాబు: ప్రతి వారం వస్తోందంటే ఆమెకు నచ్చుతోంది. ముందు ఇంట్లోనే అడగండి, చూడటం ఇష్టమా, మాట్లాడాలని ఉండి సందు దొరకడం లేదా అని. చూడటమే ఇష్టమంటే వదిలేయండి.

సందు దొరకకపోతే ‘ఏం చేస్తవ్?’ అని అడక్కండి, రెండు దారులు చూపి అడగండి: ‘బాణం వేస్తవా, చెట్టు చాటుకు పోతవా?’ అడిగాక మనసులో పది లెక్కపెట్టండి, ఆలోగా ఎవరినీ మాట్లాడనివ్వకండి. పాత్ర కాగితం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో రాసివ్వండి. బలం, చురుకుదనం, ఓర్పు, తెలివి, వివేకం, ఆకర్షణ, వాటి పక్కన అంకెలు, కింద ఆమె టర్న్‌లో చేయగలిగిన మూడు పనులు. ఏ కాగితంలో ఏముందో వెతుక్కోవడంలోనే చాలామంది కొత్తవాళ్ల టర్న్ అయిపోతుంది. ఒక సెషన్‌లో ఒక్క నిర్ణయం ఆమె చేతిలో ఉంటే చాలు. రెండోది తర్వాతి వారం ఇవ్వండి.